చీలమండ ఆపరేషన్ తర్వాత రిహాబ్ సేవకు దరఖాస్తు చేసుకునే విధానం

చీలమండ విరిగి ప్లేటు, స్క్రూలు వేయించుకున్నవాళ్లు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. కుట్లు విప్పాక చూద్దాంలే అని రిహాబ్ (ఫిజియోథెరపీతో కాలిని మళ్లీ నడకకు తెచ్చే సేవ) దరఖాస్తును పక్కన పెట్టేస్తారు. కుట్లు విప్పడానికే సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత ఫారం ఇస్తే, మన వంతు వచ్చేసరికి కీలు బిగుసుకుపోతుంది. అందుకే వార్డులో ఉండగానే ఫారం అడిగి తీసుకోండి.

గుర్తింపు కార్డు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ తర్వాత తీసిన ఎక్స్‌రే, వాడుతున్న మందుల జాబితా, రిహాబ్‌కు పంపుతూ సర్జన్ రాసిచ్చిన రెఫరల్ లెటర్ జత చేయాలి. మిగతావి ఒక రోజు ఆలస్యమైనా సర్దుకోవచ్చు గానీ, రెఫరల్ లెటర్ సరిగా లేకపోతే పని ముందుకు కదలదు.

ఆ లెటర్లో అన్నిటికన్నా ముఖ్యమైనది కాలి మీద ఎంత బరువు మోపొచ్చు అన్న వాక్యం. అసలు మోపకూడదా, కొంత మోపొచ్చా, ఓర్చుకోగలిగినంత మోపొచ్చా, ఎప్పటివరకు? ఇది విరిగిన తీరును బట్టి మారుతుంది. కొందరిని రెండు వారాలకే చీలమండను కదలనీయని ప్రత్యేక బూటు వేసి నడవమంటారు, కొందరిని ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దంటారు. చీలమండ పైన కాలి రెండు ఎముకలను కలిపి పట్టే లిగమెంటు తెగి దానికి విడిగా స్క్రూ వేస్తే జాగ్రత్త ఇంకా ఎక్కువ. ఎముక అతకడానికి మామూలుగా 6 నుంచి 12 వారాలు పడుతుంది కాబట్టి, ఈ సంగతి తెలియకుండా ఏ ఫిజియోథెరపిస్టూ మిమ్మల్ని నిలబెట్టరు. నా దరఖాస్తు మొదటిసారి వెనక్కొచ్చింది ఇదొక్కటి లేకపోవడం వల్లే. లెటర్లో 'ఫిజియోథెరపీ అవసరం' అని మాత్రమే ఉంది. దాన్ని మళ్లీ రాయించుకోవడానికి చంకకర్రలతో ఇంకో రోజంతా తిరిగాను. మీరు సర్జన్ ముందు కూర్చున్నప్పుడే లెటర్ చదువుకోండి.

ఫారంలో నొప్పి గడి దగ్గర 0 నుంచి 10 వరకు అంకె వేయమంటారు. ఒక్క అంకె వేసి ఊరుకోవద్దు. కదలకుండా ఉన్నప్పుడు ఎంత, పాదం ఆడించినప్పుడు ఎంత, రాత్రి నిద్ర పడుతోందా, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు అన్నవి పక్కనే రాయండి. మాత్ర వేసుకున్న గంటకు వేసిన 3కీ, మాత్ర లేకుండా వేసిన 3కీ చాలా తేడా ఉంది.

మందుల గడిలో అన్నీ రాయాలి, దుకాణంలో సొంతంగా కొన్నవి కూడా. పారాసిటమాల్ పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లో కూడా అది ఉంటుంది కాబట్టి తెలియకుండానే ఎక్కువైపోవచ్చు. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటుంటే, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నా, రక్తం పలచబడే మందు వాడుతున్నా ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ట్రామడాల్ లాంటి బలమైన నొప్పి మందులు కొద్ది రోజులకే ఇస్తారు. వాటితో మలబద్ధకం, మత్తు మామూలే. షుగరు, పొగతాగే అలవాటు ఉంటే దాచొద్దు, రెండూ ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తాయి.

మీ లక్ష్యం ఏమిటని అడిగే చోట 'నొప్పి తగ్గాలి' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. 'పట్టుకోకుండా మెట్లు దిగాలి', 'రోజంతా నిలబడి పని చేయాలి' అని రాయండి. వ్యాయామాలు దాన్ని బట్టే ఎంచుతారు.

ఫారం ఇచ్చాక రసీదు నంబరు తీసుకోండి. పిలుపు వచ్చేలోపు కాలు గుండె కన్నా ఎత్తులో పెట్టి పడుకోవడం, వేళ్లు, మోకాలు ఆడించడం లాంటివి సర్జన్ వద్దనకపోతే చేస్తూ ఉండొచ్చు. పిక్కలో వాపు, నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, గాయం నుంచి చీము, జ్వరం కనిపిస్తే మాత్రం దరఖాస్తు సంగతి మరిచి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. నొప్పి తగ్గాల్సింది పోయి మంటగా మారి, చర్మం రంగు కూడా మారుతుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా సర్జన్‌కు చెప్పాలి.

మొదటి రోజు పాదం పైకి ఎంత వంగుతోందో, వాపు ఎంత ఉందో కొలిచి రాసుకుంటారు. ఆ కాగితం నకలు అడిగి దాచుకోండి. మంజూరైన సెషన్లు అయిపోయి ఇంకా కావాలని అడిగేటప్పుడు, అప్పటికీ ఇప్పటికీ తేడా చూపమని అడుగుతారు.