సాకెట్ కాలితే, లైట్లు మినుకుమంటే: ఇంటి వైరింగులో లోపం ఎక్కడ వెతకాలి

ఒంగోలుకు తూర్పున కొత్తపట్నం తీరంలో ఉన్న మా అక్కగారి ఇంట్లో, స్నానాలగది పక్క నుండి నాలుగు రోజుల పాటు చేపల వాసన వచ్చింది. బయట ఎండుచేపలు ఆరబెట్టే ఊరు కనుక ఎవరూ పట్టించుకోలేదు. ఐదో రోజు గీజరు ప్లగ్ తీయబోతే చెయ్యి చురుక్కుమంది. స్విచ్చులు, సాకెట్ల ప్లాస్టిక్ అతిగా వేడెక్కినప్పుడు కొన్నిసార్లు చేపల వాసన వస్తుంది. తీరప్రాంతంలో ఉండేవారు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలని నా మనవి.

సమస్య: సాకెట్ లేదా ప్లగ్ వేడెక్కుతోంది, వాసన వస్తోంది, కానీ ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే దానంతట అదే ఆగిపోయే స్విచ్చు) పడిపోవడం లేదు.

కారణం: అక్కగారి ఇంటి ఆ బోర్డు విప్పి చూస్తే ఫేజ్ వైరు (కరెంటు వచ్చే వైరు) తొడుగు రెండంగుళాల మేర గోధుమరంగుకు తిరిగి, వేలితో వంచగానే అప్పడంలా విరిగింది. 2.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి వైరులో సాధారణంగా 0.3 మిల్లీమీటర్ల పోగులు 36 ఉంటాయి. అక్కడ సగం పోగులే స్క్రూ కింద ఉన్నాయి, మిగిలినవి పక్కకు చెదిరి, ఉప్పుగాలికి చిలుము పట్టి ఉన్నాయి. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద తీసుకునేది 9 ఆంపియర్ల లోపే కనుక, ఎం.సి.బి. దృష్టిలో అక్కడ ఏ తప్పూ లేదు. అది కరెంటును కొలుస్తుంది గాని, దూరాన ఉన్న బిగింపు వేడిని కొలవదు. లూజుగా ఉన్న ఆ ఒక్క చోట 4 వోల్టులు పోయినా సుమారు 35 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు చేసే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే అని తలచుకుంటే, గోరంత చోటులో ఆ వేడి ఏమి చేయగలదో అర్థమవుతుంది.

పరిష్కారం: టెస్టర్‌ను ముందుగా కరెంటు ఉన్న మరోచోట పెట్టి అది పనిచేస్తున్నదని నిర్ధారించుకుని, మెయిన్ ఆపి, ఈ సాకెట్‌లో కరెంటు లేదని దానితో చూసిన తరువాతే బోర్డు విప్పాలి. నల్లబడిన రాగిని గీకి మళ్ళీ బిగించడం పనికిరాదు. మెరిసే రాగి కనిపించే వరకు వైరును వెనక్కి కత్తిరించాలి, పొడవు చాలకపోతే పైపులో కొత్త వైరు లాగాలి. తొడుగును 10 నుండి 12 మిల్లీమీటర్లు, ఒక్క పోగు కూడా తెగకుండా ఒలిచి, ఆ సైజుకు సరిపోయే పిన్ లగ్గు (పోగులన్నిటినీ కలిపి పట్టే లోహపు తొడుగు) తొడిగి, క్రింపింగ్ టూల్‌తో నొక్కి, అప్పుడు స్క్రూ బిగించాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కిన లగ్గు కొన్నాళ్ళకు వదులవుతుంది. పోగులకు సీసం పూసి బిగించే పాత అలవాటు కూడా మంచిది కాదు, ఎందుకంటే స్క్రూ ఒత్తిడికి సీసం మెల్లగా జారిపోయి పట్టు తగ్గుతుంది. బిగించాక ఒక్కొక్క వైరునూ చేత్తో గట్టిగా లాగి చూడాలి. వేడికి లోపలి రేకుల పట్టు పోయి ఉంటుంది కనుక సాకెట్‌ను, ప్లగ్ పిన్నులు నల్లబడి ఉంటే దాన్ని కూడా మార్చవలసిందే.

సమస్య: పాత ఇంట్లో రాగి వైరు కలిపిన జాయింట్ పదేపదే కాలిపోతోంది.

కారణం: ముప్పై నలభై ఏళ్ళ కిందట కట్టిన చాలా ఇళ్ళలో అల్యూమినియం వైరే ఉంది. దానికి రాగిని నేరుగా మెలిపెట్టి టేపు చుడితే మూడు కీడులు ఒకేచోట చేరతాయి: అల్యూమినియంపై కరెంటును అడ్డుకునే ఆక్సైడు పొర ఏర్పడుతుంది, మెత్తటి లోహం కనుక ఒత్తిడికి అణగి వదులవుతుంది, రెండు లోహాల మధ్య తేమ చేరితే అల్యూమినియం తినివేయబడుతుంది. మైపాడు వంటి తీరగ్రామాల ఉప్పుగాలిలో ఈ మూడోది వేగంగా సాగుతుంది.

పరిష్కారం: రెండు లోహాలకూ పనికివచ్చే బైమెటల్ లగ్గు లేదా కనెక్టర్ వాడి, జాయింట్‌ను చేతికందే జంక్షన్ బాక్సులో ఉంచాలి, గోడలో పూడ్చకూడదు. ఇది తాత్కాలికమే. వీలు చూసుకుని మొత్తం రాగి వైరింగ్ చేయించడమే నా సలహా.

సమస్య: కొన్ని లైట్లు విపరీతంగా వెలుగుతూ, మరికొన్ని మసకబారుతున్నాయి.

త్రీఫేజ్ సర్వీసు (మూడు ఫేజ్ వైర్ల కనెక్షన్) ఉన్న ఇంట్లో ఇది న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) తెగిన లేదా వదులైన లక్షణం. టీవీకి, ఫ్రిజ్‌కు 230 బదులు 400 వోల్టుల దాకా చేరవచ్చు. కారణం వెతకడానికి ముందు మెయిన్ ఆపాలి. మెయిన్ బోర్డులో న్యూట్రల్ బిగింపులు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి, అక్కడ లోపం లేకపోతే మీటరు, సర్వీసు వైరు, స్తంభం విద్యుత్ శాఖ వారి పని.

సమస్య: ఏసీ వేసిన కొంతసేపటికి ఎం.సి.బి. పడిపోతోంది.

వేసిన వెంటనే పడితే షార్టు, పది ఇరవై నిమిషాలకు పడితే అధిక లోడు లేదా ఎం.సి.బి. దగ్గరి వదులు బిగింపు అని ముందుగా అనుమానించాలి. 16 ఆంపియర్లది తీసి 32 పెట్టించుకోవడం నెల్లూరులో నేను తరచుగా చూస్తున్న ప్రమాదకరమైన పని, ఎందుకంటే అప్పుడు ఎం.సి.బి. కంటే ముందు వైరే కాలుతుంది. మామూలు పీవీసీ తొడుగు తట్టుకునేది 70 డిగ్రీలే. రోహిణి కార్తె ఎండకు శ్లాబులోని పైపు ముందే వేడెక్కి ఉంటుంది కనుక, వైరు కంపెనీ పట్టికలో రాసిన ఆంపియర్లు ఇక్కడ పూర్తిగా దక్కవు. అందువల్ల లైట్లకు, ఫ్యాన్లకు 1.5, మామూలు 16 ఆంపియర్ల సాకెట్‌కు 2.5, ఏసీకి, గీజరుకు విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయమంటాను. వైరుపై ఐ.ఎస్. 694 (వైర్ల ప్రమాణం సంఖ్య), ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనాలి. వైరుపై ఎఫ్.ఆర్. అని ఉంటే మంట సులభంగా వ్యాపించదని మాత్రమే అర్థం, పొగ తక్కువ కావాలంటే ఎఫ్.ఆర్.ఎల్.ఎస్. రకం అడగాలి.

సమస్య: వాన పడినప్పుడల్లా ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) పడిపోతోంది.

ఇక్కడి పెద్ద వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు వస్తాయి, ఈ ఫిర్యాదు కూడా అప్పుడే ఎక్కువ. ప్రహరీ లైటు, డాబా మీది మోటారు వైర్లలో టేపు చుట్టిన జాయింట్లను ముందుగా చూడాలి. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే అది పడిపోతుంది కనుక తడిసిన ఒక్క జాయింట్ చాలు. టేపు మీద టేపు చుట్టకుండా, ఆ జాయింట్‌ను కోసివేసి, నీరు చొరని బాక్సులో కనెక్టర్‌తో కలపాలి, వైరు ఆ బాక్సులోకి కింది వైపు నుండే ప్రవేశించాలి.