వేట నిషేధానికి ముందు వంజరం: నెల్లూరు, ప్రకాశం తీరాల్లో సీజను చివర గాలం వేసే పద్ధతి

మన తీరంలో ఇంజను పడవల వేటకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల విరామం ఉంటుంది కాబట్టి, సరదాకు లోసముద్రంలో వంజరం చేపకు గాలం వేసేవారికి మార్చి మొదలు ఏప్రిల్ 14 దాకా దొరికే ఆరు వారాలే సీజనులో చివరి భాగం. అమ్మకానికి పట్టడం లేదు గనుక నిషేధం తమకు వర్తించదని కొందరు అనుకుంటారు. నిషేధం పడవకున్న ఇంజనును బట్టి వర్తిస్తుందే గాని, పడవలో కూర్చున్నవారి ఉద్దేశాన్ని బట్టి కాదు.

ఈ రోజుల్లో చేప జాడ కన్నా ముందు గాలి వేళలు తెలుసుకోవాలి. ఈశాన్య గాలులు అప్పటికి సద్దుమణిగి ఉంటాయి. తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు మెల్లని గాలి వీస్తుంది. ఎండెక్కి ఇసుక కాలేసరికి, అంటే ఇంచుమించు పదకొండు గంటల ప్రాంతంలో, గాలి మళ్లి ఆగ్నేయం వైపు నుంచి ఒడ్డుకు కొట్టడం మొదలవుతుంది. అందువల్ల నాలుగింటికల్లా బయలుదేరి, చేపలు పడుతున్నా సరే, పదింటికి పడవ ముఖం తిప్పాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఒకసారి కొత్తపట్నం నుంచి వెళ్లినప్పుడు ఇంకొక్క చేప, ఇంకొక్క చేప అంటూ మధ్యాహ్నం దాకా ఆగాం. తిరిగివచ్చేసరికి ఒడ్డు దగ్గర విరిగే కెరటాలు వెనుక నుంచి పడవను ఎత్తి అడ్డం తిప్పాయి. మనుషులకు ఏమీ కాలేదు గాని, పట్టిన చేపల పెట్టె సముద్రం పాలైంది. పడవను నేరుగా ఇసుక మీదికి ఎక్కించవలసిన రేవులన్నింటా ఈ ప్రమాదం ఉంటుంది. జువ్వలదిన్నె హార్బరు నుంచో, కండలేరు సముద్రంలో కలిసే కృష్ణపట్నం నుంచో వెళ్లేవారికి ఆ బాధ తక్కువ.

గాలి తరువాత చూడవలసింది నీటి నడక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి నడిచిన తీరప్రవాహం ఫిబ్రవరికల్లా దిశ మార్చుకొని, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరం వైపు బలంగా సాగుతుంది. ఇంజను ఆపి గాలం దించితే పడవ తెలియకుండానే ఉత్తరానికి కొట్టుకుపోతుంది గనుక, చేప ఉందనుకున్న చోటికి దక్షిణంగా ఆగి, నీటితోపాటు ఆ చోటు మీదుగా జారాలి. జువ్వలదిన్నె నుంచి బయలుదేరినవారు ఉదయం ఇస్కపల్లి వైపు దిగి, ప్రవాహంతో పైకి రావడం మంచిది. మొదటే రామాయపట్నం వైపు వెళితే, అలసిపోయిన వేళ ఎదురునీటిలో రావలసివచ్చి డీజిలు ఎక్కువ కాలుతుంది.

ముందురోజు సాయంత్రం హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల సూచన చూసుకోవాలి. అల ఎత్తు మీటరున్నర దాటుతుందని ఉంటే చిన్న ఫైబరు పడవలో వెళ్లకపోవడమే నా సలహా. ఆ సంస్థే ఉపగ్రహాలు చూపే నీటి వేడిని, పచ్చదనాన్ని బట్టి చేపలు చేరే చోట్లను కూడా తెలుగులో తెలియజేస్తుంది. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజు దక్షిణం వైపు కొంత సముద్రాన్ని మూసివేస్తారు కాబట్టి ఆ కబురు కూడా ముందే కనుక్కోవాలి.

వంజరాన్ని పదిహేను నుంచి నలభై మీటర్ల లోతున వెతకాలి. మట్టిరంగు నీరు ముగిసి నీలిరంగు మొదలయ్యే గీత, కవ్వళ్లనే చిన్న చేపల గుంపు మీద పక్షులు దూకే చోటు కనిపిస్తే అక్కడే తిరగాలి. గుంపు మధ్యలోకి పడవను తోలితే చేప అడుగుకు దిగిపోతుంది. అంచు వెంబడి పోవాలి. నీటిలోకి మునిగే కృత్రిమ ఎరలు రెండు తీసుకొని, ఒకదాన్ని పాతిక మీటర్ల వెనుక, మరొకదాన్ని నలభై మీటర్ల వెనుక వదిలి, గంటకు ఐదారు నాటికల్ మైళ్ల వేగంతో లాగాలి. వంజరం పళ్లు కత్తెరలాంటివి కాబట్టి ఎరకు ముందు మూరెడు ఉక్కు తీగ తప్పనిసరి. కానాగంత అనే చిన్న చేపను బతికించి ఎరగా వేసేటప్పుడు తోక దగ్గర రెండో గాలం కట్టాలి, ఎందుకంటే ఈ చేప ముందుగా తోకవైపు కొరికి ఎరను సగానికి తెంపుతుంది. తగిలిన వెంటనే వంద మీటర్ల దాకా పరుగు తీస్తుంది కనుక రీలులో కనీసం మూడు వందల మీటర్ల దారం ఉండాలి, బ్రేకు మరీ బిగించకూడదు. కొత్తవారు పోగొట్టుకునే చేపల్లో చాలావరకు ఈ బిగింపు వల్లే పోతాయి.

వంజరంతోపాటు ట్యూనా జాతికి చెందిన సూర, వేరే జాతివైన పార చేపలు కూడా పడతాయి. అరుదుగా ముక్కు కొమ్ములా పొడుగ్గా ఉండే కొమ్ముకోనెం చేప తగిలితే, పడవలోకి ఎత్తకుండా నీటిలోనే గాలం తీసి వదలాలన్నది నా అభిప్రాయం. గుడ్లు పెట్టడానికి తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ నెలల్లో ఉదయం పూట నీటి మీద తేలుతూ కనిపిస్తాయి. వాటికి రక్షణగా 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. తాబేలు కనబడితే దారాలు చుట్టుకొని, దూరంగా తిరిగి పోవాలి.

లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, పడవ అడుగున కాదు. కోస్ట్ గార్డు నంబరు 1554ను పడవ నడిపే సరంగు ఫోనులోనూ మీ ఫోనులోనూ రాసి ఉంచుకోవాలి.

చేప పైకి రాగానే మొప్పల దగ్గర కోసి నెత్తురు కార్చి, పొట్ట శుభ్రం చేసి, లోపల, పైన నలగగొట్టిన ఐసు కప్పాలి. మార్చి ఎండలో ఐసు లేకుండా ఊరికే పడుకోబెట్టిన సూరలో చేరే విషం వండినా పోదు. దానివల్ల ముఖం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. చేపలు ఎన్ని పడతాయో తెలియకపోయినా, పెట్టెలో సగానికి పైగా ఐసు నింపుకొనే రేవు నుంచి బయలుదేరాలి.