ఈ-టైపా, 911ఆ: కొనే ముందు ఎక్కడెక్కడ చూడాలి

పాత స్పోర్ట్స్ కార్లలో ఇంగ్లండు జాగ్వార్ ఈ-టైప్ 1961లో, జర్మనీ పోర్షే 911 1963లో బయటికొచ్చాయి. జాగ్వార్‌లో మరమ్మతు డబ్బంతా బాడీ మింగుతుంది, పోర్షేలో ఇంజను మింగుతుంది. తనిఖీ కూడా అక్కడినుంచే మొదలుపెట్టాలి.

జాగ్వార్‌లో 4.2 లీటర్ల సిరీస్ 1 (1964-67) చూడండి. అంతకుముందు 3.8 లీటర్ల బండి గేర్‌బాక్సులో ఫస్ట్ గేరుకు సింక్రోమెష్ (గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేదు. 911లో 1969 మోడల్, ఆ తర్వాతవి మేలు. ఆ ఏడాది మోడల్‌లో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 57 మి.మీ. పెంచారు, మలుపులో యాక్సిలరేటర్ వదిలితే వెనకభాగం జారే గుణం కొంత తగ్గింది.

ఈ-టైప్ బానెట్ ఎత్తగానే ఇంజనును మోసే చదరపు గొట్టాల ఫ్రేమ్ కనబడుతుంది. ఇది లోపలినుంచి తుప్పు పడుతుంది, కాబట్టి పైన రంగు నిగనిగలాడినా నమ్మొద్దు. అతుకుల దగ్గర పగుళ్లు, ప్యాచ్ వెల్డింగు ఉంటే ఆ ఫ్రేమ్ మార్చాల్సిందే. తలుపుల కింది సిల్స్, ఫ్లోరు మీద అయస్కాంతం పెట్టి చూడండి. పట్టకపోతే అక్కడ పుట్టీ నింపారన్నమాట. వెనక బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర కాకుండా, వెనక చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్ పక్కన ఉంటాయి. డిఫరెన్షియల్ సీలు కారితే ఆయిలు బ్రేకు ప్యాడ్ల మీద పడుతుంది. సరిగ్గా బాగుచేయాలంటే వెనక సస్పెన్షన్ మొత్తం దించాలి, అసలు ఖర్చు ఆ కూలీదే. చివరగా ఇంజనును ఇరవై నిమిషాలు ఐడిలింగ్‌లో (బండి కదలకుండా ఇంజను మాత్రం నడుస్తూ) ఉంచి వేడెక్కుతుందేమో చూడండి. వేడి మీద 3000 ఆర్‌పీఎం దగ్గర ఆయిల్ ప్రెషర్ 40 పీఎస్ఐ దరిదాపుల్లో ఉండాలి.

911ను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. అమ్మేవాళ్లు ముందే వేడిచేసి ఉంచితే మరో రోజు వెళ్లడమే మంచిది. మొదట్లో కాస్త పొగ మామూలే, ఆగకుండా నీలిపొగ వస్తే వాల్వ్ గైడ్లు గానీ పిస్టన్ రింగులు గానీ అరిగాయి. వాల్వులను నడిపే గొలుసు గలగలలాడితే, దాన్ని బిగువుగా ఉంచే చైన్ టెన్షనర్ పోయే దశలో ఉంది. అది పోతే గొలుసు పళ్లు దాటి వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. 1984 నాటి 911 కరెరా మోడల్‌లో వచ్చిన ఆయిల్ ప్రెషర్ టెన్షనర్లు బిగించి ఉంటే ఆ భయం చాలావరకు తీరినట్టే. ఆరు సిలిండర్లకూ లీక్‌డౌన్ పరీక్ష (లోపలికి గాలి ఎక్కించి ఎంత కారుతుందో చూడడం) తప్పనిసరి. తుప్పు సంగతికొస్తే, 1969-73 బండ్లలో ముందు మూలల్లోని రెండు బ్యాటరీల గూళ్లు, సస్పెన్షన్ బిగించే ముందు ప్యాన్, వెనక టార్షన్ బార్ (స్ప్రింగుగా పనిచేసే కడ్డీ) గొట్టం చుట్టూ చూడాలి.

నంబర్ల విషయంలో తొందర వద్దు. జాగ్వార్‌కు చాసిస్, ఇంజను, బాడీ, గేర్‌బాక్సు నంబర్లు నాలుగూ జాగ్వార్ పాత రికార్డులు ఉంచే హెరిటేజ్ ట్రస్ట్ ఇచ్చే సర్టిఫికెట్‌తో కలవాలి. 911 ఇంజను మీద టైపు నంబరు కూడా కొట్టి ఉంటుంది. ఉదాహరణకు మాన్యువల్ గేర్లున్న 911లో 2.4 లీటర్ల ఎస్ మోడల్‌కు 911/53 ఉండాలి. వేరేది ఉంటే అది ఆ బండి అసలు ఇంజను కాదు.

దగ్గర్లో మంచి మామూలు మెకానిక్ మాత్రమే ఉంటే మా ఓటు జాగ్వార్‌కే. 911 ఇంజను తెలియని చేతిలో పెట్టకూడదు. ఆయిల్ మట్టం సైతం ఇంజను వేడెక్కి, ఐడిలింగ్‌లో, చదునైన నేల మీద ఉండగానే చూడాలి. ఆపేసి చూస్తే తక్కువ కనబడి అదనంగా పోస్తారు, అది ఎయిర్ క్లీనర్‌లోకి తన్నుకొస్తుంది.