కొత్తగా విడుదలైన కాంపాక్ట్ క్రాసోవర్‌ను ఎలా పరిశీలించాలి?

కొత్త కారును బుక్ చేసే ముందు అది షోరూమ్‌కు ఎలా చేరిందో తెలుసుకోవడం మేలు. అనంతపురం ప్రాంతంలోని పెనుకొండలో తయారయ్యే కియా సెల్టోస్ అనే కాంపాక్ట్ క్రాసోవర్‌నే (ఎస్‌యూవీలా ఎత్తుగా కనిపించినా మామూలు కారు నిర్మాణంతో ఉండే బండిని) తీసుకుంటే, 2018 ఫిబ్రవరిలో ఆటో ఎక్స్‌పో వాహన ప్రదర్శనలో ఎస్‌పీ కాన్సెప్ట్ అనే నమూనాగా కనిపించిన ఈ బండి 2019 ఆగస్టు 22న రూ. 9.69 లక్షల ప్రారంభ ధరతో మార్కెట్లోకి వచ్చింది. ప్రదర్శనలో మెరిసిన పెద్ద చక్రాలు, పలుచని అద్దాలు అమ్మకపు బండిలో అలాగే ఉంటాయనుకోకూడదు.

విడుదల ధర పరిచయ ధర మాత్రమే కావచ్చు. సెల్టోస్ ధర 2020 జనవరిలోనే పెరిగింది. కాబట్టి బీమా, జీవితకాల పన్ను కలిపిన ఆన్‌రోడ్ ధరను కాగితం మీద రాయించుకోవాలి. పొడవు కూడా అడగండి. 4 మీటర్లు దాటితే జీఎస్‌టీ శ్లాబు మారుతుంది, 2019లో వచ్చిన సెల్టోస్ 4.3 మీటర్లు ఉండేది.

అన్నిటికన్నా ముఖ్యం భద్రత. 2020లో, కార్లను ఢీకొట్టించి భద్రతకు నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో రెండు ఎయిర్‌బ్యాగులున్న సెల్టోస్‌కు పెద్దల రక్షణలో ఐదింటికి 3 నక్షత్రాలే దక్కాయి. అందుచేత నక్షత్రాల సంఖ్యతో ఆగకుండా, ఏ వేరియంట్‌ను, ఏ సంవత్సరంలో, ఏ నిబంధనల కింద పరీక్షించారో చూడాలి.

టెస్ట్ డ్రైవ్‌కు ఇంటివారందరినీ ఎక్కించుకుని, మీ వీధిలోని స్పీడ్ బ్రేకర్‌నే దాటించండి. వెనుక సీటులో మోకాళ్లు ముందు సీటుకు తగులుతున్నాయో లేదో అక్కడే తేలిపోతుంది. సన్‌రూఫ్ సంగతి తరువాత చూసుకోవచ్చు.