మున్సిపల్ ఆఫీసులో పర్మనెంట్ నుంచి ఔట్‌సోర్సింగ్ దాకా అందరినీ సర్వే చేయడం ఎలా?

ఉద్యోగుల సర్వే అనగానే వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫామ్ లింకు పడుతుంది. సాయంత్రంలోగా నింపమని పైనుంచి ఫోన్లు వస్తాయి. సీట్లో కూర్చునేవాళ్లు నింపేస్తారు. తెల్లవారుజామున రోడ్లు ఊడ్చేవాళ్లు, ట్యాంకర్ డ్రైవర్లు, రాత్రి వాచ్‌మెన్‌లు చాలాచోట్ల ఆ గ్రూపులోనే ఉండరు. వాళ్లను కలుపుకోవాలంటే పని వేరేగా మొదలుపెట్టాలి.

1. జాబితా తయారు చేయండి

ప్రశ్నల సంగతి తర్వాత. సర్వేలో సగం కష్టం జాబితాలోనే ఉంది. ఉద్యోగుల రికార్డులు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ ఇచ్చే లిస్టులో రెగ్యులర్ వాళ్లు పక్కాగా ఉంటారు, మిగతావాళ్లను వెతకాలి. ఔట్‌సోర్సింగ్ వాళ్ల కోసం ఆంధ్రప్రదేశ్‌లో ఆప్కాస్ (ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ప్రభుత్వం పెట్టిన కార్పొరేషన్) జాబితా, తెలంగాణలో ఏజెన్సీ ఇచ్చే జాబితా తీసుకోండి. దాన్ని శానిటరీ ఇన్‌స్పెక్టర్ దగ్గరున్న మస్టర్‌తో, అంటే హాజరు పట్టీతో పోల్చండి. తర్వాత పీఎఫ్ కోసం ప్రతి నెలా ఆన్‌లైన్‌లో వేసే రిటర్ను, ఈసీఆర్ అడగండి. అందులో ఒక్కొక్కరి పేరు, యూఏఎన్ (పీఎఫ్ ఖాతాదారు నంబరు), జీతం ఉంటాయి. మస్టర్‌లో పేరుండి ఈసీఆర్‌లో లేదంటే, ఒక్క ప్రశ్న అడగకముందే మీకో విషయం దొరికినట్టే. ఈసీఆర్‌లో ఉండి రోడ్డు మీద ఎవరికీ కనపడని పేరు తగిలితే మాత్రం దాన్ని సర్వేలో కలపకండి, కమిషనర్‌కు విడిగా రాయండి.

"ఏజెన్సీ వాళ్లు మన స్టాఫ్ కాదు కదా" అనేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ఉద్యోగి అనే నిర్వచనంలోకి దినసరి కూలీని, కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లను, అప్రెంటిస్‌ను కూడా తెచ్చింది. మీ లెక్కా అంతే విశాలంగా ఉండాలి.

2. కమిషనర్ సర్క్యులర్ తీసుకోండి

సర్వే డ్యూటీ టైములోనే జరుగుతుందని, ఎవరికీ జీతం కోత పడదని, పేర్లు రాసుకోరని అందులో ఉండాలి. ఒక కాపీ ఏజెన్సీకి పంపండి.

3. ప్రశ్నలు తక్కువ పెట్టండి, తేలిగ్గా రాయండి

"మీ ఉద్యోగంతో సంతృప్తిగా ఉన్నారా?" అంటే అందరూ ఉన్నామనే అంటారు. "పోయిన నెల జీతం ఏ తారీఖున పడింది?", "గ్లౌజులు చివరిసారి ఎప్పుడు ఇచ్చారు?", "డ్యూటీలో ఉన్నప్పుడు బాత్రూమ్‌కి ఎక్కడికి వెళ్తారు?", "వారానికో సెలవు దొరుకుతోందా?" అని అడగండి. ఒక ప్రశ్నలో ఒకే విషయం ఉండాలి. పది, పన్నెండు ప్రశ్నలు దాటితే మనిషి విసుగెత్తిపోతాడు.

వేధింపుల గురించి అడిగేటప్పుడు ఎవరు చేశారని అడగొద్దు. అది పైన చెప్పిన చట్టం కింద ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీ పని. కమిటీ సభ్యుల ఫోన్ నంబర్లున్న చీటీ అందరి చేతికీ ఇవ్వండి, సాధారణంగా 3 నెలల్లోపు ఫిర్యాదు చేయాలని కూడా చెప్పండి.

4. అడిగేవాళ్లను బయటినుంచి తెచ్చుకోండి

చదవలేనివాళ్లను నోటితో అడగాలి. ఆ పని మేస్త్రీకో సూపర్‌వైజర్‌కో అప్పగిస్తే సర్వే అక్కడితో అయిపోయినట్టే. దగ్గర్లోని కాలేజీ నుంచి సోషల్ వర్క్ విద్యార్థులను పిలవండి. పొద్దున మస్టర్ వేసే చోటికి వెళ్లి, మొదటి విడత పని అయ్యాక టీ టైములో మాట్లాడించండి. మేస్త్రీని కాసేపు వేరే పని మీద పంపేయండి. హైదరాబాద్‌లో ఉర్దూ, హిందూపురంలో కన్నడ, ఇచ్ఛాపురంలో ఒడియా వచ్చినవాళ్లు కూడా టీమ్‌లో ఉంటే మంచిది.

ఫోన్లో నింపేవాళ్ల కోసం ఫామ్‌లో ఈమెయిల్ సేకరించే ఆప్షన్ ఆపేయండి. అలాగే సెక్షన్, వయసు, ఆడా మగా, సర్వీసు అన్నీ అడగకండి. టౌన్ ప్లానింగ్‌లో ఇద్దరే మహిళలుంటే, పేరు రాయకపోయినా ఎవరో అందరికీ తెలిసిపోతుంది. అయిదుగురి కన్నా తక్కువున్న గుంపు ఫలితాన్ని విడిగా చూపించొద్దు.

5. లెక్క విడివిడిగా వేయండి

చాలా రిపోర్టులు ఇక్కడే దారి తప్పుతాయి. ఉదాహరణకు 100 మంది రెగ్యులర్, 400 మంది ఔట్‌సోర్సింగ్ ఉన్నారనుకుందాం. రెండు వైపులా 80 మంది చొప్పున జవాబిచ్చారు. జీతం టైముకు పడుతోందని రెగ్యులర్‌లో 60 మంది, ఔట్‌సోర్సింగ్‌లో 20 మంది చెప్పారు. కలిపేస్తే 50 శాతం, పర్వాలేదనిపిస్తుంది. విడిగా చూస్తే 75, 25. అసలు సంఖ్యల ప్రకారం తూచి కలిపితే 35 శాతమే. రిపోర్టులో ఈ మూడూ రాయండి. ఎంతమందిలో ఎంతమంది జవాబిచ్చారో ప్రతి వర్గానికీ పక్కనే చూపించండి.

6. ఫలితం వాళ్లకే చెప్పండి

నోటీసు బోర్డు మీద పెట్టి ఊరుకోకండి, మస్టర్ పాయింట్లలో చదివి వినిపించండి. గ్లౌజులు, తాగునీరు, బాత్రూమ్ తాళం లాంటివి కమిషనర్ స్థాయిలోనే తేలిపోతాయి, వాటికి తేదీ చెప్పండి. జీతం పెంపు, పర్మనెంట్ చేయడం ఆ ఆఫీసు చేతిలో లేవు, ప్రభుత్వానికి రాస్తామని చెప్పండి. రాసిన ఉత్తరం కాపీ యూనియన్లకు కూడా ఇవ్వండి.