మాట ఇచ్చి బిల్లు వేస్తే ఏం చేయాలి: నా పోస్ట్‌పెయిడ్ గొడవ

తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి ముందు గదిలోనే నా కుట్టు మిషను. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడతాను. ఎవరు గుడ్డ ఇచ్చినా కొలతలు, ఇవ్వాల్సిన తేదీ, కూలి నోటులో రాసి, వాళ్లకు చూపించాకే కత్తెర పట్టుకుంటాను. ఫోన్ కనెక్షన్ తీసుకున్న రోజు కూడా అట్లనే చేసి ఉంటే మూడు నెలల టెన్షన్ తప్పేది.

మా అబ్బాయి చెన్నైలో చదువుతున్నాడు. మా అత్త పాకాల దగ్గర ఊళ్లో ఉంటుంది. మూడు నంబర్లకు మూడు రీఛార్జీలు గుర్తు పెట్టుకోవడం కష్టంగా ఉందని మే నెలలో ఒక కంపెనీ షోరూముకు వెళ్లి ఫ్యామిలీ పోస్ట్‌పెయిడ్ అడిగాను. కౌంటర్‌లోని పిల్లోడు "అక్కా, 449 ప్లాన్ తీసుకోండి. ఇంకో రెండు సిమ్ములు ఏడాది పాటు ఫ్రీ. పైన ఒక్క రూపాయి పడదు, పూచీ నాది" అన్నాడు. పాంప్లెట్ వెనకాల బ్లూ పెన్నుతో "2 యాడాన్ - 1 ఇయర్ ఫ్రీ" (యాడాన్ అంటే ఆ అదనపు సిమ్ములే) అని రాసి, కింద రెండు గీతలు కూడా గీసి ఇచ్చాడు.

మొదటి బిల్లు 763 రూపాయల 46 పైసలు వచ్చింది. 449కి 18 శాతం జీఎస్టీ కలిపితే 529.82 రావాలి. మిగతా 233.64 ఎక్కడిదని చూస్తే, రెండు సిమ్ములకు చెరి 99, దాని మీద జీఎస్టీ. మీ బిల్లు వచ్చినప్పుడు కూడా ముందు చేయాల్సింది ఈ లెక్కే. "ఎక్కువ వేశారు" అంటే ఎవరూ పట్టించుకోరు. "నెలకు 233.64 ఎక్కువ వేశారు, ఇదీ లెక్క" అంటే అవతలి మనిషి బిల్లు తెరిచి చూడాల్సి వస్తుంది.

నేను చేసిన పొరపాటు ఏమిటంటే, షోరూము చుట్టూ తిరిగాను. వెళ్లిన ప్రతిసారీ "వచ్చే నెల అడ్జస్ట్ అయిపోతుంది అక్కా" అనేవాడు. అలా రెండు బిల్లులు గడిచిపోయాయి. షోరూములో నోటితో చెప్పుకున్నది ఎక్కడా ఫిర్యాదుగా నమోదు కాదు. కానీ ఆ తిరుగుడులో ఒక మంచి పని జరిగింది. రెండోసారి ఇంటికి వచ్చాక ఆ పిల్లోడికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను: "తమ్ముడూ, మే నెలలో 449 ప్లాన్‌తో రెండు సిమ్ములు ఏడాది ఫ్రీ అని చెప్పారు కదా, రెండు నెలలుగా 99 చొప్పున పడుతోంది. వచ్చే బిల్లులో తీసేస్తామని ఈరోజు చెప్పారు. సరేనా?" అతను "ఓకే అక్కా" అని జవాబిచ్చాడు. ఆ రెండు మాటలే తర్వాత నాకు పెద్ద ఆధారం అయ్యాయి. నోటి మాట ఇచ్చిన మనిషి మంచిగా మాట్లాడుతున్న రోజుల్లోనే ఇలా రాతలోకి తెచ్చుకోండి. గొడవ ముదిరాక ఎవరూ జవాబివ్వరు.

పాంప్లెట్‌ను రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. పెన్ను రాత నెలలకు వెలిసిపోతుంది. సిమ్ యాక్టివేట్ అయినప్పుడు వచ్చిన ఎస్సెమ్మెస్‌లు, యాప్‌లో ప్లాన్ వివరాల స్క్రీన్‌షాట్, బిల్లుల పీడీఎఫ్‌లు అన్నీ ఒకచోట ఉంచండి. నేను నాకు నేనే మెయిల్ చేసుకున్నాను, ఫోన్ పోయినా అవి ఉంటాయని.

ఇక అసలు ఫిర్యాదు. చాలా కంపెనీలకు ఫిర్యాదుల నంబరు 198, దానికి డబ్బు పడదు. మీది వేరే అయితే బిల్లు మీద ఉంటుంది. ఫోన్ ఎత్తిన మనిషికి కథంతా చెప్పకండి. తేదీ, ఇచ్చిన మాట, ఎక్కువ వేసిన మొత్తం, మీకు కావాల్సింది, ఈ నాలుగూ చెప్పి "డాకెట్ నంబరు ఇవ్వండి" అనండి. ఫిర్యాదు నమోదైందని ఇచ్చే నంబరు అది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు ఇవ్వాలి, ఎన్నాళ్లలో పరిష్కరిస్తారో చెప్పాలి. నాతో మాట్లాడిన అమ్మాయి మూడుసార్లు "నోట్ చేసుకున్నాను మేడం" అంది. నోట్ చేసుకోవడం వేరు, నమోదు చేయడం వేరు. నేను ఫోన్ పెట్టేయకుండా "నంబరు చెప్పమ్మా, రాసుకుంటాను" అని కూర్చున్నాను. ఆ డాకెట్ నంబరు ఇప్పటికీ నా కొలతల నోటులో ఉంది, పైన ఎవరిదో చేతి పొడవు 10, నడుము 32, కింద ఆ అంకెలు.

నాలుగు రోజులకు "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని ఎస్సెమ్మెస్ వచ్చింది. బిల్లు మాత్రం మారలేదు. ఫోన్ చేస్తే "అది ఫ్రాంచైజీ షోరూము మేడం, వాళ్లు చెప్పిన ఆఫర్ మా సిస్టంలో లేదు" అన్నారు. ఇక్కడే చాలామంది విసిగిపోయి వదిలేస్తారు. దయచేసి వదలకండి. బోర్డు వాళ్లది, పాంప్లెట్ వాళ్లది, సిమ్ము వాళ్లది, బిల్లు వసూలు చేసేదీ వాళ్లే. తమ తరఫున అమ్మే మనిషి వ్యాపారంలో చెప్పిన అబద్ధం తామే చెప్పినట్టు లెక్క అని కాంట్రాక్టు చట్టం 238వ సెక్షన్‌లో ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టమైతే తప్పుడు మాట రాతలో చెప్పినా, నోటితో చెప్పినా అనుచిత వ్యాపార పద్ధతే అంటుంది.

ఆ ఎస్సెమ్మెస్ వచ్చిన తేదీ రాసుకోండి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి 30 రోజుల్లో అప్పీలు చేయాలి. ఈ అధికారి సంగతి కాల్ సెంటర్ వాళ్లు తమంతట చెప్పరు, నాకూ చెప్పలేదు. ఈమెయిలు, చిరునామా కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఫీజు లేదు. అప్పీలు మీద 39 రోజుల్లో నిర్ణయం చెప్పాలి.

నేను రాసిన అప్పీలు ఇది. ముందు తెలుగులో రాసుకుని, మా అబ్బాయితో ఇంగ్లీషు చేయించి పంపాను.

"ఫలానా నంబరుకు నేను ఖాతాదారును. నా డాకెట్ నంబరు ఇది. మే నెలలో మీ షోరూములో 449 ప్లాన్‌తో రెండు అదనపు సిమ్ములు 12 నెలలు ఉచితమని చెప్పి, మీ పాంప్లెట్ మీదే రాసి ఇచ్చారు. ఆ మాట నమ్మే కనెక్షన్ తీసుకున్నాను. మూడు బిల్లుల్లో నెలకు 233.64 చొప్పున 700.92 రూపాయలు ఎక్కువ వేశారు. పాంప్లెట్ ఫోటో, మీ సిబ్బంది వాట్సాప్ జవాబు, మూడు బిల్లులు జత చేశాను. ఆ మొత్తం తిరిగి ఇవ్వాలి. మిగతా తొమ్మిది నెలలు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి, లేదా ఏ చార్జీ లేకుండా నన్ను వదిలేయాలి."

ఇంతే. మోసం, దగా, పరువు వంటి మాటలు మొదటి చిత్తులో రాశాను, తర్వాత కొట్టేశాను. చదివేవాళ్లకు పనికొచ్చేవి తేదీలు, అంకెలే. చివరి వాక్యంలో "లేదా" పెట్టడం కూడా మేలు చేసింది. వాళ్లకు ఒప్పుకోవడానికి ఒక దారి ఉంటుంది.

ఈలోగా బిల్లు కట్టకుండా మొండికేయవద్దని నా సలహా. బకాయి ఉంటే నంబరు వేరే కంపెనీకి మార్చుకోవడం కుదరదు. ఫిర్యాదులో ఉన్న మొత్తాన్ని అభ్యంతరంతో కడుతున్నానని మెయిల్‌లో ఒక ముక్క రాసి కట్టాను.

అప్పీలు దగ్గర కూడా న్యాయం జరగకపోతే? ట్రాయ్ విడి విడి ఖాతాదారుల ఫిర్యాదులు పరిష్కరించదు, అక్కడికి రాసి కాలం పోగొట్టుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. టెలికాం శాఖకు కేంద్ర ప్రభుత్వ ప్రజా ఫిర్యాదుల వెబ్‌సైట్ పీజీ పోర్టల్‌లో కూడా పెట్టవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. ఫోన్ గొడవలు అక్కడ చెల్లవని ఎవరైనా అంటే నమ్మకండి, 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఆ సందేహం తీర్చేసింది. మనం ఉండే చోటే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, గొడవ మొదలైన రెండేళ్లలోపు వేయాలి. వినియోగదారుల కేసులకు ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

నాకు అంత దూరం వెళ్లే అవసరం రాలేదు. అప్పీలు పంపిన మూడున్నర వారాలకు జవాబు వచ్చింది. ఆఫర్ కొనసాగించలేమన్నారు, 700.92 మాత్రం తర్వాతి బిల్లులో తగ్గించారు, చార్జీ లేకుండా వెళ్లవచ్చన్నారు. చివరి బిల్లు కట్టేసి, రసీదు దాచుకుని, అవే నంబర్లతో వేరే కంపెనీకి మారడానికి మూడు నంబర్ల నుంచీ 1900కు పోర్ట్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి నంబరు వేసి ఎస్సెమ్మెస్ పంపాం. వచ్చే కోడ్ మనకు నాలుగు రోజులే పనిచేస్తుంది, కాబట్టి కొత్త షోరూముకు ఏ రోజు వెళ్తారో అనుకున్నాకే పంపండి. అత్త పాకాల నుంచి బస్సులో వచ్చిన రోజే ముగ్గురి పనీ పెట్టుకున్నాం. కొత్త కౌంటర్‌లో అమ్మాయి ప్లాన్ చెబుతుంటే నేను నోటు తెరిచి రాసుకుని, ఆమెకు చూపించి, కింద షోరూము ముద్ర వేయించుకున్నాకే ఆధార్ ఇచ్చాను.