పిన్‌కోడ్‌ను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం ఎలా?

నెల్లూరు పిన్‌కోడ్ 524001, ఒంగోలుది 523001. 1972లో తపాలా శాఖ ఉత్తరాల బట్వాడా కోసం తెచ్చిన అంకెలివి. గణితం కోసం చూస్తే ఈ ఇరుగుపొరుగు సంఖ్యలకు పోలికే లేదు. కాగితం, కలం ఉంటే చాలు, క్యాలిక్యులేటర్ పక్కన పెట్టండి.

ముందు నెల్లూరు. చివరి అంకె 1 కాబట్టి 2, 5 చూడనక్కర్లేదు. అంకెలు కూడితే 12, అంటే 3తో పోతుంది. భాగిస్తే 1,74,667. దీని అంకెల మొత్తం 31, కాబట్టి మళ్లీ 3తో పోదు.

7, 11, 13లకు విడివిడిగా భాగహారం వద్దు. ఆరంకెల సంఖ్యను నడిమికి విరిచి, మొదటి మూడంకెల్లోంచి చివరి మూడంకెలు తీసేయండి: 524 − 001 = 523. ఇది ఆ మూడింటిలో దేనితోనూ పోదు, కాబట్టి అసలు సంఖ్యా పోదు. 7 × 11 × 13 = 1001 కావడమే ఇందులోని కిటుకు. బడిలో దీన్ని ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

ఎంతవరకు వెతకాలి? వర్గమూలం వరకే. 5,24,001కి అది 723 దాటుతుంది, బెదిరిపోకండి. కారణాంకం దొరికిన ప్రతిసారీ మిగిలిన భాగఫలానికి హద్దు మళ్లీ లెక్కగట్టాలి. చాలామంది వదిలేసేది ఈ పనే. 3 తీసేయగానే హద్దు 417కు దిగింది. 17తో భాగిస్తే 9 మిగులుతుంది. 19తో సరిగ్గా పోయి 9,193 వస్తుంది, హద్దు 95. మళ్లీ 19, తర్వాత 23 ప్రయత్నిస్తే రెండింటికీ శేషం 16. 29తో పోయి 317 మిగిలింది. దాని హద్దు 17. అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ ముందే విఫలమయ్యాయి కాబట్టి 317 ప్రధాన సంఖ్యే, ఇక భాగించే పని లేదు.

524001 = 3 × 19 × 29 × 317

ఏ కారణాంకమూ రెండోసారి రాలేదు. మార్కాపురం 523316కు ఆ గుణం లేదు, చివరి రెండంకెలు 16 కావడంతో 4తో పోతుంది. నెల్లూరు సంఖ్యకు మొత్తం భాజకాలు 2 × 2 × 2 × 2 = 16. వాటి మొత్తం కావాలంటే ఒక్కో ప్రధాన కారణాంకానికి ఒకటి కలిపి గుణించండి: 4 × 20 × 30 × 318 = 7,63,200. అందులోంచి సంఖ్యను తీసేస్తే 2,39,199. సంఖ్యకు సమానమైతే పరిపూర్ణ సంఖ్య అయ్యేది, ఇది సగానికి కూడా చేరలేదు.

ఒంగోలు మొండిది. 31 దాకా ఏదీ లొంగదు. 31తో పోయాక మిగిలే 16,871కి హద్దు 129. అంటే 31 నుంచి 127 వరకు 21 భాగహారాలు, ఒక్కటీ సరిగ్గా పోదు. అది ప్రధాన సంఖ్య. 523001 = 31 × 16871, భాజకాలు నాలుగే. సంఖ్యను మినహాయిస్తే మిగతా మూడింటి మొత్తం 16,903.